పొందూరు రాట్నపు త్రాడు

మా యింట మా అత్తగారి కాలమునాటి రాట్నమొకటి కలదు. వారు పొందూరు ఆడపడుచు. మధ్యాహ్న భోజనానంతరము వసారాలో కూర్చుండి దినమును తప్పక నూలు వడకుచుండెడివారు. మనుమరాలికి తమ చేతినూలుతో నొక చీర నేయింపవలెనని వారి కోరిక. కావలసిన నూలులో సగము చిలపలు కట్టి పెట్టెలో దాచి, తక్కిన సగము వడకకయే కాలము చేసిరి. ఆ మిగిలిన పనిని మేము పూర్తిచేయ సంకల్పించితిమి.

తీరా కూర్చుండునప్పటికి చక్రమునుండి కదురును త్రిప్పు త్రాడు శిథిలమై చేతిలోనే తెగిపోయెను. త్రాడే కదా యని బజారునకు పోయి నైలాను త్రాడొకటి కొని తెచ్చితిమి. ఇది మీ మనుమల కాలము దాక తెగదని దుకాణదారు చెప్పెను. అతని మాట అసత్యము కాలేదు. త్రాడు తెగలేదు, నూలే తెగుచుండెను. ఆ నున్నని త్రాడు కదురుపై పట్టునిలువక జారుచుండెను. జారకుండ బిగించితిమి. బిగించినకొలది చక్రము త్రిప్పుట భారమయ్యెను. కదురు ఒక ప్రక్కకు వంగెను. త్రాటి ముడి కదురు మీదికి వచ్చినప్పుడెల్ల కదురు అదరిపడి, ఏకునుండి సాగివచ్చు పోగు తటాలున తెగుచుండెను. రెండు మాసములు ప్రయాసపడి, లోపము మా చేతిదేయని నిశ్చయించుకొని, రాట్నమును అటుకపై పెట్టించితిమి. మా అమ్మాయి మాత్రము సమ్మతింపలేదు. "నాయనమ్మ ఊరికే వెళ్లి అడుగుదామమ్మా" అనెను.

కావున గత మార్గశిరమున నొక ఉదయము విజయనగరములో ప్యాసింజరు బండి యెక్కితిమి. చంపావతీ తీరమందలి నెల్లిమర్ల, పిమ్మట చీపురుపల్లి, సిగడాము దాటి బండి పోవుచుండెను. కోతలు ముగిసిన పొలములలో వరికుప్పలు, గట్లవెంబడి తాడిచెట్లు, నడుమ నడుమ ఎఱ్ఱని మెట్టభూములు కనుల పండువుగా నుండెను. ఒకప్పుడు ఈ ప్రాంతమంతయు విశాఖపట్టణము జిల్లాలోనిదే. శ్రీకాకుళము 1950లోను, విజయనగరము 1979లోను వేఱు జిల్లాలయ్యెను.

పొందూరు సన్నఖద్దరు పేరు వినని వారుండరు. ఆ సన్నదనము మగ్గము మీద పుట్టునది కాదు, అంతకు చాల ముందే స్త్రీల చేతులలో పుట్టునది. వాలుగ చేప దవడయెముకకు గల సన్నని పండ్లతో పత్తిని గింజతోడనే దువ్వుదురు. ఈ దవడలు గోదావరి ప్రాంతము నుండి తెప్పించుకొందురు. ఆ దువ్వుటచే నలుసులు రాలి, పత్తిపోగులు వరుసగా నిలుచును. తరువాత గింజ తీసి, ఏకి, ఏకులు చేసి, మాయకుండ ఎండిన అరటిదొప్పలో చుట్టి పెట్టుకొందురు. ఇరువదినాలుగు ఆకులుగల పెద్ద చక్రమును కుడిచేత త్రిప్పుచు, ఎడమచేతి ఏకునుండి పోగు తీయుదురు. నూఱవ నంబరు నూలనగా 840 గజముల చిలపలు నూఱు కలిసి ఒక పౌను తూగవలెను. అనగా ఒక పౌను పత్తిలో 84,000 గజముల పోగు, ఇంచుమించు 48 మైళ్ల పొడవు! అటువంటి పోగు ఏపాటి కుదుపునకు నిలుచును?

మా అత్తగారి బంధువులు మమ్ము ఒక వృద్ధురాలి యింటికి కొనిపోయిరి. డెబ్బది యేండ్లు దాటిన ఆమె వసారాలో వడకుచుండెను. మేము తీసికొనిపోయిన నైలాను త్రాటిని వ్రేళ్లతో నలిపి, ముడిని తడవి చూచి నవ్వినది.

"తాడు గట్టిదే తల్లీ. మరి కదురు గట్టిదా? పోగు గట్టిదా? తాడొక్కటే గట్టిదైతే మిగతావన్నీ పాడైపోతాయి."

ఆ మాటతో రెండు మాసముల మా కష్టమునకు కారణము తేటపడినది. త్రాటిని కొనునప్పుడు అది తెగునా తెగదా యని మాత్రమే మేము విచారించితిమి. అది పట్టునా, సాగునా, ముడి లేకుండ అతుకునా యని విచారింపలేదు.

పట్టు మొదటిది. చక్రము వ్యాసము 24 అంగుళములును, కదురుపై త్రాడు తిరుగుచోట వ్యాసము అర అంగుళమును అనుకొందము. చక్రము ఒకమాఱు తిరిగిన కదురు 48 మాఱులు తిరుగవలెను. త్రాడు జారెనా, ఆ లెక్క తప్పి పోగునకు పురి చాలదు. పురి చాలని పోగు తెగును. నూలుత్రాటికి సహజముగనే గరుకుదనము కలదు. ఆమె దానిపై మైనమును, కొంచెము గుగ్గిలపు పొడిని కలిపి పలుచగా రుద్దును. నూనె మాత్రము త్రాటికి తగులనీయదు. అది కదురు తిరుగు తావులకే.

రెండవది సాగుదల. క్రొత్త త్రాడు ఏదైనను సాగును. అందుచే ఆమె త్రాటిని పేనిన వెంటనే రాట్నమునకు తగిలింపక, ఒక కొనకు బరువు కట్టి రాత్రియంతయు వ్రేలాడదీయును. సాగవలసినది సాగిన పిమ్మటనే కొలత తీయును. వానకాలపు చెమ్మకు నూలుత్రాడు పొట్టియగును, ఎండలకు వదులగును. ఋతువు ననుసరించి కదురు నిలుపు గుంజను సర్దుకొనవలెను. పని ముగిసిన వెంటనే త్రాటిని కదురుమీది నుండి జాఱవిడిచిన రాత్రి విశ్రాంతి దొరకును.

మూడవది అతుకు. ముడి యెంత చిన్నదైనను కదురునకు గట్టుదెబ్బయే. ఆమె రెండు కొనల పేటలను విప్పి, క్రమముగా సన్నము చేసి, ఒకదానిపై నొకటి పెట్టి పురియెక్కించి, సూదిదారముతో కుట్టివేసెను. కన్నులు మూసికొని వ్రేలితో తడవిన అతుకు ఎచ్చటనో తెలియలేదు. చివరకు కదురును గట్టిగా పట్టుకొని చక్రము త్రిప్పుమనెను. త్రాడు జారెను. "ఇలా జారాలి. జారకుండా లాగిందంటే కదురు వంగిపోతాది" అని చెప్పెను. తేలికగా వడకునపుడు పట్టవలెను, అడ్డు వచ్చినపుడు విడువవలెను. బిగువునకు ఇదియే కొలత.

ఇది ఎన్నాళ్లు మన్నునని మేమడిగితిమి. "తెగినప్పుడు తెగుతాది. మళ్లీ పేనుకుంటాను. నేను పేనుకోగలిగిందే నాకు మన్నిక" అనెను. పిమ్మట కొంతసేపూరకుండి, త్రాడు పేనుట నేర్పుమని ఈ మధ్య తన్నడిగినవారు మేమేయని చెప్పెను. ఆమె కోడండ్రు కొడుకులతో విశాఖపట్టణములో కాపురముందురు. దినమంతయు వడికినను వచ్చు కూలి స్వల్పమగుటచే వారిని ఆమె తప్పుపట్టలేదు. "ఆళ్లకి ఏ సుఖముందని నేర్పుతాను తల్లీ?" అనెను. మాకు బదులు తోచలేదు.

తిరుగు ప్రయాణమున మా అమ్మాయి తన స్కూటరు సంగతి యెత్తెను. నిరుడు అది నడిబజారున నిలిచిపోయినది. లోపలి రబ్బరు బెల్టు తెగినది. చౌకయని వేయించిన ఆ బెల్టు వెడల్పున కొంచెము తక్కువ. అందుచే జారి, జారి వేడెక్కి, పగిలినది. గేర్లు లేని స్కూటరులో రెండు కప్పీల నడుమ నొక బెల్టు తిరుగుచు, వేగమును బట్టి కప్పీలపై పైకిని క్రిందికిని జరుగుచుండును. కెనడా వంటి మంచుదేశములలో మంచుపై పరుగెత్తు బండ్లకును ఇదే యేర్పాటట. అచ్చట ఊరికి దూరముగ బెల్టు తెగినవారు చలిలో చిక్కుకొందురు. కాన అదనపు బెల్టొకటి వెంట నుంచుకొందురట.

అటువంటి బెల్టులలో పెక్కింటికి రబ్బరు నడుమ కెవ్లారు జాతి నూలుపోగులు పెట్టుదురు. కెవ్లారును 1965లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో కనుగొన్నది స్టెఫనీ క్వోలెక్ అను రసాయన శాస్త్రజ్ఞురాలు. ఆమె చేసిన ద్రావకము మడ్డిగా నుండుటచే, నూలుతీయు యంత్రము పూడిపోవునని దానిని నడుపు సహోద్యోగి మొదట వెనుదీసెను. ఆమె పట్టుపట్టి తీయించెను. వచ్చిన పోగు బరువునకు బరువు ఉక్కుకంటె అయిదురెట్లు బలమైనదయ్యెను. 2014లో మరణించిన ఆ స్త్రీకిని, మా పొందూరు అవ్వకును ఒకరి సంగతి ఒకరికి తెలియదు. అయినను ఇరువురును పోగు బలమును చేతిపనిచే నెఱిగినవారే. కెవ్లారు బెల్టైనను కొలత తప్పిన, కప్పీలు ఒక వరుసలో లేకున్న, జారి వేడెక్కిన, చెడకుండ నిలువదని మా అమ్మాయి చెప్పినప్పుడు, అవ్వ మాటయే మఱల విన్నట్లుండెను.

సోదరీమణులారా, మన యిండ్లలో కుట్టుమిషనుకు తోలుపట్టా, పిండిరుబ్బు గ్రైండరుకు రబ్బరు బెల్టు, వాకిట స్కూటరుకు మఱియొకటి గలవు. మార్చవలసి వచ్చినప్పుడు గట్టిదేది యని మాత్రమే దుకాణదారు నడుగకుడు. పాతదానిని వెంట తీసికొనిపోయి వెడల్పు, పొడవు సరిచూడుడు. ఒక అంచే అరిగినచో చక్రములు వరుస తప్పినవని తెలిసికొని ముందు వానిని సరిచేయింపుడు. అద్దమువలె మెఱయుచున్నచో అది జారుచుండెనని గ్రహింపుడు. క్రొత్త కుట్టుపట్టాను కొన్నాళ్లకు మరల కొలిచి, సాగినంత కత్తిరించి కలుపుడు.

ఇంటికి వచ్చి కదురు సరిచేయించి, త్రాడు పేనితిమి. మొదటి రెండు త్రాళ్లు అతుకు కుదురక పాఱవేసితిమి. మూడవది తిరిగెను. నూలు తెగుట మానినది. అది అత్తగారి నూలంత సన్నము కాలేదు. పొందూరులోని నేతగానికి చూపగా, వారి నూలు పడుగునకును, మా నూలు పేకకును వాడవచ్చునని చెప్పెను. ఇంక నాలుగు చిలపలు కావలెను. ఇప్పుడు మధ్యాహ్నములందు మా అమ్మాయి మా ప్రక్కన కూర్చుండి త్రాడు పేనుట నేర్చుకొనుచున్నది.