చేప పొట్టలో గాలి

"జాగ్రత్త అంకుల్, కాలి మీద పడితే వాచిపోతుంది" అంటూ ఆ అమ్మాయి నా అరచేతిలో ఒక గుండు పెట్టింది. పింగ్‌పాంగ్ బంతి కంటే కాస్త చిన్నది, బరువు మాత్రం అర కిలోకి దగ్గర్లో ఉంది. టంగ్‌స్టన్ కార్బైడ్‌తో చేశారట. అడ్డకొలత 38.1 మిల్లీమీటర్లు. సముద్రంలో చేపల మందలు ఎలా మసలుతాయో చూద్దామని విశాఖ నుంచి నార్వే దాకా వస్తే, మొదట చేతికి దక్కింది ఇది.

బెర్గెన్ రేవు పక్కన నీళ్లలోకి పొడుచుకొచ్చిన నోర్డ్‌నెస్ అనే నేలముక్క మీద ఉంది సముద్ర పరిశోధన సంస్థ. 1900లో మొదలైంది. నన్ను లోపలికి తీసుకెళ్లిన అమ్మాయిది ఉప్పాడ. ఇక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. వాళ్ల నాన్నకు సొంత బోటుంది, అందులో చిన్న ఫిష్ ఫైండరూ ఉంది. "ఆయన దానికేసి చూసి వల వెయ్యాలా వద్దా అని తేల్చుకుంటాడు. నేను దానికేసి చూసి ఎన్ని చేపలో చెప్పాలి. నా పనే కష్టం" అంది.

గుండు సంగతి అప్పుడు తెలిసింది. దీన్ని ఓడ అడుగున మూడు సన్న దారాలతో వేలాడదీస్తారు. దీనికి తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని ఎంతుండాలో ముందే తెలుసు. నీళ్లలోకి ధ్వని పంపి ప్రతిధ్వని వినే యంత్రం, ఈకో సౌండర్, ఆ లెక్కే చెబుతోందో లేదో చూసి సరిచేసుకుంటారు.

"అంటే తూకం రాయన్నమాట."

"అదే. రాయి సరిగ్గా లేకపోతే సముద్రమంతా తప్పుడు తూకమే."

ఆ యంత్రం తెర ముందు కూర్చోబెట్టింది. అడ్డంగా కాలం, నిలువుగా లోతు. పగటిపూట హెర్రింగ్ మంద ఎర్రగా, గోడకు కొట్టిన పిడకలా కనిపించింది. మన కవళ్ల కుటుంబమే ఈ హెర్రింగ్. చీకటి పడ్డాక తీసిన బొమ్మలో అదే మంద ఆరబోసిన వడ్లలా పలచగా పరుచుకుపోయింది. పక్క చేపను కంటితో చూస్తూ, నీటి కదలికను పసిగడుతూ ఇవి వరస తప్పకుండా ఈదుతాయి. వెలుగు పోతే ఆ పట్టు సడలుతుంది. ఇలాంటి బొమ్మను 1935లోనే ఓస్కార్ సుండ్ అనే నార్వే శాస్త్రవేత్త 'నేచర్' పత్రికలో అచ్చువేయించాడు. లోఫోటెన్ దగ్గర కాడ్ చేపల బారు అది.

అయితే తెర మీద కనిపించే ఎరుపు చేప కాదట! చేప ఒళ్లు ఇంచుమించు నీళ్ల లాంటిదే, ధ్వని దాన్ని దాటుకుపోతుంది. తిరిగొచ్చే ప్రతిధ్వనిలో 90 శాతానికి పైగా చేప పొట్టలోని గాలితిత్తిదే. అట్లాంటిక్ మాకెరెల్‌కు ఆ తిత్తే లేదు. అందుకే మామూలుగా వాడే 38 కిలోహెర్ట్జ్‌లో అది అంతంత మాత్రంగా పలుకుతుంది, 200లో కాస్త గట్టిగా. మన కానాగంతకు మాత్రం తిత్తి ఉంది. దాని శాస్త్రీయ నామంలోని 'కనగుర్త' మన తెలుగు మాటేనని, విశాఖలో పోగుచేసిన చేపల మీద పాట్రిక్ రస్సెల్ 1803లో వేసిన పుస్తకం నుంచి క్యువియే దాన్ని తీసుకున్నాడని చెప్పాను. ఆ అమ్మాయికి ఆ సంగతి తెలియదు. నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

హెర్రింగ్ తిత్తిని నింపుకునే తీరు వింతగా ఉంటుంది. నీళ్ల పైకి వచ్చి గాలి మింగుతుంది. ఎక్కువైతే వెనకనుంచి బుడగలుగా వదులుతుంది. ఆ చప్పుళ్లు విని స్వీడన్ నౌకాదళం రష్యా జలాంతర్గాములని కంగారుపడింది. ఇది కట్టుకథ కాదు.

లోతుకు దిగితే నీటి ఒత్తిడికి ఆ తిత్తి నలుగుతుంది. పది మీటర్లకే సగమవుతుంది. అదే చేప, లోతున ఉంటే చిన్న చేపలా పలుకుతుంది. పైగా ఓడకు బెదిరి తల కిందికి పెట్టి దిగితే ప్రతిధ్వని ఇంకా పడిపోతుంది. లెక్కపెట్టడానికి వెళ్లిన ఓడే లెక్కను చెడగొడుతుందన్నమాట. అందుకే 2003లో చప్పుడు బాగా తగ్గించి 'జి.ఓ. సార్స్' ఓడ కట్టారు. ఫలితం? 2007లో ఎగిల్ ఓనా బృందం తేల్చింది: ఈ నిశ్శబ్ద ఓడను చూసే హెర్రింగ్ ఎక్కువగా బెదిరింది, పాత ఓడకు అంత బెదరలేదు. ఈ మాట చెబుతూ ఆ అమ్మాయి నవ్వింది గానీ, తమ సొంత ఓడ మీద ఇలాంటి ఫలితాన్ని దాచకుండా అచ్చువేసుకున్న సంస్థ మీద నాకు గౌరవం పెరిగింది.

మంద ఎప్పుడు కడుతుంది? నేను తెలుసుకుందామని వచ్చిందే ఇది. 2006లో అమెరికా తూర్పు తీరం జార్జెస్ బ్యాంక్ దగ్గర ఎం.ఐ.టి.కి చెందిన నికొలస్ మాక్రిస్ బృందం పదుల కిలోమీటర్ల మేర ఒకేసారి చూపే సోనార్‌తో గమనించింది. బెర్గెన్‌కు చెందిన ఊలావ్ రూనె గొదో కూడా ఆ బృందంలో ఉన్నాడు. గుడ్లు పెట్టే కాలం, పొద్దుగూకే వేళ. హెర్రింగ్ చెల్లాచెదురుగా ఉంది. ఐదు చదరపు మీటర్లకు ఒక చేప చొప్పున చిక్కబడేదాకా ఏమీ జరగలేదు. ఆ గీత దాటగానే ఒకచోట మొదలైన గుంపు అలలా పాకింది, చేప ఈదే వేగానికి ఎన్నో రెట్ల వేగంతో. చూస్తుండగానే కోట్ల చేపలు ఒక్క మంద అయ్యాయి. ఆ తర్వాత అన్నీ కలిసి గుడ్లు పెట్టే మెరక వైపు కదిలాయి.

ఒంటరిగా ఉంటే పెద్ద చేప తినేస్తుందని గుంపు కడతాయి. ఆ గుంపే వలకు సులువు. 1960లలో ఇక్కడి పడవలకు సోనారూ, వలను పైకి లాగే పవర్ బ్లాకూ ఒకేసారి చేతికొచ్చాయి. ఆ దశాబ్దం చివరికల్లా నార్వే హెర్రింగ్ దాదాపు ఊడ్చుకుపోయింది. తేరుకోవడానికి రమారమి ఇరవై ఏళ్లు పట్టింది. ఇది చెప్పేటప్పుడు ఆ అమ్మాయి నాన్న ఫిష్ ఫైండర్ ఊసెత్తలేదు, నేనూ అడగలేదు.

బయల్దేరే ముందు గుండును గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టింది. నీళ్లలోకి దించే ముందు దాన్ని సబ్బునీళ్లలో ముంచుతారట.

"మురికి పోవడానికా?"

"కాదంకుల్. ఒక్క గాలిబుడగ అంటుకున్నా చాలు, అది కూడా చేపలా పలుకుతుంది."