టుపాక్ చావుని నమ్మనివాళ్ళు

టుపాక్ షకూర్ అనే అమెరికన్ ర్యాప్ గాయకుడు 1996 సెప్టెంబరు 13న లాస్ వేగాస్ ఆసుపత్రిలో చనిపోయాడు. ఈ ముక్క చెప్పడానికి ఒక వ్యాసమా అనకండి. అతను క్యూబాలో బతికే ఉన్నాడనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నేతాజీ సాధువు వేషంలో బతికాడని నమ్మినవాళ్ళున్న దేశం మనది, కాబట్టి మరీ నవ్వకండి.

మా అక్క కొడుక్కి ర్యాప్ పిచ్చి. వాడి "ఆధారాలు" ఇవీ: కాల్పులు జరిగింది 7వ తేదీన. వయసు 25, అంటే 2+5=7. చనిపోయిన సమయం 4:03, మళ్ళీ 7. చనిపోయాక వచ్చిన ఆల్బమ్ పేరులోనూ ఏడు రోజులు!

"పోయింది 13న కదరా, ఒకటీ మూడూ కలిపితే ఎంత?" అనడిగాను.

"అది లెక్కలోకి రాదు మామయ్యా!"

మన సంఖ్యాశాస్త్రం వాళ్ళదీ ఇదే పద్ధతి. కుదిరింది శాస్త్రం, కుదరనిది లెక్కలోకి రాదు. ఆ ఆల్బమ్ ఏడు రోజుల్లో తయారైంది కాబట్టి ఆ పేరు, అంతే. దానిమీద తన పేరు "మాకవెలి" అని వేసుకున్నాడు. మాకియవెల్లి చావు నటించాడట, అందుకని ఇతనూ నటించాడట! మాకియవెల్లి అలాంటిదేం చెయ్యలేదు. 1527లో అందరిలాగే పోయాడు.

ఈ గోలలో అసలు మనిషి కనబడకుండా పోయాడు. తల్లి అఫేనీ బ్లాక్ పాంథర్. కడుపుతో ఉండగా జైలుకెళ్ళి, కోర్టులో తన కేసు తనే వాదించుకుని నిర్దోషిగా బయటపడింది. అది 1971 మేలో. జూన్‌లో కొడుకు పుట్టాడు. తర్వాత ఆమె కొకైన్‌కి బానిసయింది, కొడుకు పేదరికంలో పెరిగాడు. పన్నెండేళ్ళ పిల్ల తల్లి కావడం గురించి 1991లో పాట కట్టినవాడు, 1994లో ఒక యువతిపై లైంగిక దాడి కేసులో దోషిగా తేలాడు. తను చెయ్యలేదన్నాడు. అభిమానులకి ఈ రెండోది గుర్తు చేస్తే కోపం. అతను జైల్లో ఉండగానే 1995లో ఆల్బమ్ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. డెత్ రో కంపెనీ యజమాని షుగ్ నైట్ బెయిలు ఏర్పాటు చేసి తన కంపెనీలో చేర్చుకున్నాడు. అక్కణ్ణించి పదకొండు నెలలే బతికాడు.

హత్యలో మర్మమేమీ లేదు. టైసన్ పందెం అయ్యాక హోటల్లో టుపాక్ బృందం ఓర్లాండో ఆండర్సన్ అనే ముఠా కుర్రాణ్ణి చితక్కొట్టింది. అది నిఘా కెమెరాలో ఉంది. కొన్ని గంటల్లోనే టుపాక్ కారుమీద తూటాలు పడ్డాయి. 1998లో ఆండర్సన్ కూడా వేరే గొడవలో కాల్పుల్లో పోయాడు. అతని మేనమామ డ్వేన్ డేవిస్ ఆ రాత్రి కాల్పులు జరిపిన కారులో తనున్నానని 2019లో పుస్తకమే వేశాడు. పోలీసులు అతన్ని అరెస్టు చేసింది 2023 సెప్టెంబరులో. కోర్టులో నేరం ఒప్పుకోలేదు.

ఇరవయ్యేడేళ్ళు! ఆ కాలమంతా అభిమానులు అడగాల్సింది "ఎక్కడున్నాడు" అనా, "ఎవరు చంపారు, ఎందుకు పట్టుకోలేదు" అనా? తల్లి అఫేనీ 2016లోనే పోయింది. ఆ అరెస్టు ఆమె చూడలేదు.