ఏసీ ఆగాక వినిపించే చప్పుళ్ళు

షార్జాలో చలికాలం వచ్చిందని ముందుగా చెవులకు తెలుస్తుంది. ఏప్రిల్‌లో మొదలైన ఏసీ హోరు నవంబర్ చివర్లో ఒక రాత్రి ఆగుతుంది. కిటికీ రెక్క తీస్తాం. అన్నాళ్ళూ ఆ హోరు కింద అణగిపోయిన వీధి ఇంట్లోకి వచ్చేస్తుంది. కింద పార్కింగులో పిల్లల క్రికెట్, ఎదురు బిల్డింగులో కుక్కరు విజిలు, తెల్లవారుజామున మసీదు పిలుపు, పక్క ఫ్లాటు మలయాళీ అమ్మమ్మ దగ్గు. ఈసారి వాటితోపాటు ఇంకో చప్పుడు కూడా వినపడింది. హాల్లో మూలబల్ల కింద కంప్యూటర్ ఫ్యాను గరగరలాడుతోంది. ఎండాకాలమంతా అది అలాగే గరగరలాడి ఉంటుంది. ఏసీ నడుస్తుంటే దాని మూలుగు ఎవరికి వినపడుతుంది?

ఇక్కడి చలి మరీ పెద్ద చలి కాదు. జనవరిలో పగలు 24 డిగ్రీలు, రాత్రి 14. అయినా జూలై ఎండలో మాడిన ఒంటికి అదే వరం. సాయంత్రాలు మమ్జార్ ఒడ్డున చాపలు పరుచుకుని పులిహోర డబ్బాలు విప్పుతాం. ఓపికున్నవాళ్ళు రాస్ అల్ ఖైమా దాకా వెళ్ళి జెబెల్ జైస్ కొండ మీద శాలువాలు కప్పుకుని తెల్లారేదాకా కూర్చుంటారు. ఎనిమిది నెలలు గోడల మధ్య బతికిన సంసారం ఈ నాలుగు నెలలూ ఆరుబయట బతుకుతుంది.

చలికాలం మాకు ఇచ్చే ఇంకో మేలు కరెంటు బిల్లు తగ్గడం. దుబాయ్‌లో నెలకు 2,000 యూనిట్ల దాకా యూనిట్‌కు 23 ఫిల్స్. అది దాటితే 28, నాలుగు వేలు దాటితే 32, ఆరు వేలు దాటితే 38. పైన ఇంధనం సర్‌ఛార్జి. సంవత్సరం అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజు కూడా నెలనెలా అదే బిల్లులో వచ్చిపడుతుంది. షార్జా లెక్కలు వేరు, కానీ ఏసీ ఎక్కడైనా ఏసీయే. అది ఆగిన నెల నుంచి ఇల్లాలి చేతిలో కాస్త డబ్బు ఆడుతుంది. ఆ డబ్బు కోసం వేసవి నుంచి వాయిదా పడిన పనులన్నీ కాచుకుని ఉంటాయి. పిల్లవాడి కళ్ళజోడు, మిక్సీ జారు, మావారి పన్ను, ఈ కంప్యూటర్. గల్ఫ్‌లో చాలా తెలుగు ఇళ్ళకు చలికాలం మరమ్మతుల కాలం. ఈ మాట ఎవరూ పైకి అనరు గానీ డిసెంబర్, జనవరి నెలల్లో రిపేరు షాపుల ముందు నిలబడి చూస్తే తెలుస్తుంది.

మాది 2017లో భాగాలు విడివిడిగా కొని బిగించిన డెస్క్‌టాప్. 2020 మార్చిలో బడులు మూసేసినప్పుడు మా పిల్లల బడి మొత్తం అందులోనే నడిచింది. ఊళ్ళో అమ్మానాన్నలతో పండగ మాటలు అందులోనే. ఇంటి అద్దె కాగితాలు, ఇండియాలో హోమ్‌లోన్ వాయిదాలు, పాతికేళ్ళ ఫొటోలు కూడా అందులోనే. భోగికి ముందు బూజులు దులుపుతూ బల్ల జరిపి, ప్లగ్గు తీసి, తుడిచి మళ్ళీ పెట్టాం. మిషన్ లేచింది. కానీ బ్యాంకు సైటు తెరుచుకోలేదు, బడి సైటు తెరుచుకోలేదు. ఏది నొక్కినా ఈ కనెక్షన్ సురక్షితం కాదన్న హెచ్చరికే. ఫోన్లో మాత్రం అన్నీ బాగానే వస్తున్నాయి.

బర్ దుబాయ్‌లో ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డును పాతవాళ్ళు కంప్యూటర్ స్ట్రీట్ అనే అంటారు. అల్ ఐన్ సెంటర్, దాని చుట్టుపక్కల సందులు, సందుల్లో చిన్న చిన్న గదులు. ఆదివారం వెళ్ళాం. 2025 జనవరి 31 నుంచి సాలిక్ టోలు రద్దీ వేళల్లో ఆరు దిర్హమ్‌లు అయింది, ఆదివారం మాత్రం నాలుగే. అలాంటి రెండు దిర్హమ్‌లను కూడా చూసుకుని బయల్దేరే ఇళ్ళు షార్జాలో చాలా ఉన్నాయి. అద్దె తక్కువని ఇక్కడ ఉండి, పనికి అక్కడికి వెళ్ళేవాళ్ళందరం.

రిపేరు చేసే తమ్ముడిది నిజామాబాద్ పక్క పల్లె. తెర వంక చూడగానే అన్నాడు: "అక్కా, తారీఖు చూసిన్రా? దీంట్ల ఇంకా 2017 నడుస్తున్నది."

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. ప్లగ్గు లేనప్పుడు కూడా గడియారం నడిచేది దానితోనే. వేసవి సెలవులకు మేం ఊరెళ్ళినప్పుడు రెండు నెలలపాటు ప్లగ్గు తీసేసి ఉంటుంది. అలా ఏటా ఆ బిళ్ళ ఆయువు కరుగుతూ వచ్చింది, ఈసారి బూజు దులిపిన రోజున ఆఖరైంది. బ్యాంకు సైటు చూపించే భద్రతా పత్రానికి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువు ఉంటుంది. 2017లో ఉన్నాననుకునే మిషన్‌కు ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు. అందుకే తలుపు తీయలేదు. నాలుగైదు దిర్హమ్‌ల బిళ్ళతో పని అయిపోయింది. తర్వాత అతను మూత విప్పి బ్లోయర్‌తో దుమ్ము కొట్టాడు. ఇక్కడి దుమ్ము మెత్తటి ఇసుక, తలుపులన్నీ మూసినా దూరుతుంది. ప్రాసెసర్ మీది రేకుల మధ్య గడ్డకట్టి గాలిని ఆపేస్తుంది. ప్రాసెసర్‌కీ రేకులకీ నడుమ పూసే పేస్టు ఎండిపోతుంది. వేడి దిగక మిషన్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, ఫ్యాను మాత్రం గొంతు పెంచుతుంది. కొత్త పేస్టు పూశాక ఆ గరగర సగానికి దిగింది.

ఈ వృత్తిలో ఉన్నవాళ్ళ మీద నాకు పెద్ద గౌరవం. జబ్బు మిషన్‌దా, ఇంటర్నెట్‌దా, ఇంకెక్కడిదా అని విడదీసి చూడగల తెలివి వాళ్ళది. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా దగ్గర సముద్రం అడుగున కేబుళ్ళు తెగాయి. రెండు రోజులకు దుబాయ్ తీరంలో ఇంకొకటి తెగింది. ఇక్కడా ఇండియాలోనూ నెట్టు ఈడ్చుకుంటూ నడిచింది. 2025 సెప్టెంబర్‌లో జెద్దా దగ్గర ఎర్రసముద్రంలో మళ్ళీ అదే జరిగింది. అలాంటి రోజుల్లో భుజాన మిషన్ వేసుకుని వచ్చిన మనిషికి పైసా తీసుకోకుండా "ఇంటికి పోండ్రి, దీనికేం కాలే" అని చెప్పి పంపేవాడే మంచి మెకానిక్.

మా మిషన్‌కు ఇంకో కబురు మిగిలే ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరమో ఆ పైదో కావాలి. మాది ఏడోది. తమ్ముడు చెయ్యి తుడుచుకుంటూ అన్నాడు: "పానం బాగనే ఉన్నదక్కా. వీసా అయిపోయింది, అంతే."

ఆ మాట విన్న దగ్గర్నుంచి నా మనసులో తిరుగుతూనే ఉంది. చేతుల్లో సత్తువ, పనిలో నేర్పు ఉండి, కాగితం గడువు తీరిందన్న ఒక్క కారణంతో దాక్కుని బతికిన మనుషుల్ని మేం చూశాం. 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ఇక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ఇచ్చినప్పుడు కాగితాలు సరిచేసుకునేందుకు వాళ్ళు బారులు తీరారు. మిషన్‌కు కూడా అలాంటి వెసులుబాటు ఒకటి ఉంది. 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా మరమ్మతులు అందుకునేలా పేరు నమోదు చేసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు దాచుకుంటే ఉచితం, లేదా 30 డాలర్లు. సెట్టింగులు తెరిచి అప్‌డేట్ పేజీలో చూస్తే కనపడుతుంది. చాలా ఇళ్ళలో ఇది తెలియక, ఉన్న మిషన్ పనికిరాదనుకుని కొత్తదానికి వాయిదాలు కడుతున్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కొత్తది కొనడం కూడా ఈ ఏడు తేలిక కాదు. పిల్లవాడి ప్రాజెక్టు పనికోసం 8 జీబీ ర్యామ్ ఇంకొకటి వేయిద్దామని అడిగితే ధర వేసవిలో చెప్పినదానికి రెండింతల పైనే ఉంది. దుకాణదారుడి తప్పు కాదది. ప్రపంచంలో మెమొరీ చిప్పులు చేసే పెద్ద కంపెనీలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లు ఆ చిప్పుల్ని ఊడ్చుకుపోతున్నాయి. 2025 డిసెంబర్‌లో మైక్రాన్ కంపెనీ, మాలాంటి ఇళ్ళకు ఏళ్ళ తరబడి అమ్మిన క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామని ప్రకటించింది. అబుదాబిలో 5 గిగావాట్ల డేటా కేంద్రాల ప్రాంగణం కడతామని అదే ఏడాది మేలో చెప్పారు. మంచిదే, అందులో మన పిల్లలకు ఉద్యోగాలు దొరుకుతాయి. కానీ ఆ ప్రాంగణానికీ మా మూలబల్లకూ చిప్పులు వచ్చేది ఒకే చోట నుంచి. ధర నిర్ణయించేది వాళ్ళ అవసరమే, మాది కాదు.

ఊళ్ళో అడుగుతారు, రూపాయి పడింది కదా మీకు పండగే కదా అని. దిర్హమ్‌ను 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేశారు. 2014 మొదట్లో దిర్హమ్‌కు 17 రూపాయలు వచ్చేవి. 2025 డిసెంబర్‌లో డాలరు 90 రూపాయలు దాటేసరికి 24 దాటాయి. జగిత్యాల నుంచి అప్పు చేసి వచ్చి, నూటికి రెండు రూపాయల వడ్డీ కడుతున్నవాడికి అది నిజంగా మేలే. ఆ అప్పు రూపాయల్లో ఉంది, జీతం దిర్హమ్‌లలో ఉంది. కానీ అప్పు తీరినవాడి సంగతి వేరు. ఏళ్ళుగా జీతం కదలదు, అద్దె కదులుతుంది. మేలిమి బంగారం గ్రాము 500 దిర్హమ్‌లు దాటాక ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఎక్స్‌చేంజి రేటు గురించి సంబరం ఎక్కువసేపు నిలవదు. రూపాయి పడితే ఊళ్ళో ల్యాప్‌టాప్ ధర కూడా పెరుగుతుంది. కాబట్టే సంక్రాంతికి వెళ్ళే ప్రతివాళ్ళకూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు: "వచ్చేటప్పుడు మా వాడికో ల్యాప్‌టాప్ పట్టుకురా వదినా." పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా ఇండియాకు తీసుకెళ్ళవచ్చు. అలా వెళ్ళేవాటిలో చాలా భాగం మరమ్మతు చేసిన పాతవే. ఆ పాతవాటికి ప్రాణం పోసేది ఈ సందుల్లోని చేతులే.

ప్రపంచం 2022లో పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో సక్రమంగా తిరిగి వాడుకలోకి తెచ్చినట్టు లెక్క తేలింది నాలుగో వంతు కన్నా తక్కువ. మెకానిక్ తమ్ముడికి ఈ లెక్కలతో పనిలేదు. అతని చింత ఇంకోటి. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి వస్తోంది, విప్పడానికి వీల్లేదు. విప్పలేని వస్తువు వచ్చిన కొద్దీ అతని గది అద్దె బరువెక్కుతుంది. మాల్‌లో కొత్తది కొనే స్తోమత లేనివాళ్ళు ఈ గదులు మూతపడితే ఎక్కడికి పోవాలి? ఈ ఊరి ఆర్థికం గురించి మాట్లాడేటప్పుడు టవర్ల ధరలతోపాటు ఈ గదుల గురించి కూడా మాట్లాడాలని నా కోరిక.

జనవరిలో ఇక్కడ ప్రతి వారాంతం ఏదో ఒక పార్కులో తెలుగువాళ్ళ సంక్రాంతి ఉంటుంది. ముగ్గుల పోటీ, గాలిపటాలు, పిల్లలకు భోగిపళ్ళు. రేగుపళ్ళు విమానంలో వస్తాయి. ఇక్కడి సిద్ర చెట్టు కూడా రేగు జాతిదే, ఆ పళ్ళు దొరికితే అవే పోసేవాళ్ళున్నారు. సోనాపూర్ కార్మికుల క్యాంపుల నుంచి కూడా మనవాళ్ళు వస్తారు. వాళ్ళకు కంప్యూటర్ ఉండదు, పగిలిన తెర ఫోనే కంప్యూటర్. ఆ పార్కులో అరిసెల బల్ల పక్కన ఒక మరమ్మతు బల్ల వేద్దామని మా సంఘం వాళ్ళతో అన్నాను. ఇళ్ళలో మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్‌లు తెస్తే బాగు చేసి, క్యాంపుల్లోని అన్నదమ్ముల పిల్లలకు పంపవచ్చు. తమ్ముడు తనతోపాటు ఇద్దరు కుర్రాళ్ళను తెస్తానన్నాడు. తెచ్చేవాళ్ళు ఛార్జర్ మరిచిపోకండి, ఫొటోలు ముందే వేరే డిస్కులోకి తీసుకోండి, పాస్‌వర్డ్ తీసేసి తీసుకురండి.