దూరాభారం లెక్కలోకి రాని పాయింట్లు

దంతెవాడలో విమానం దిగదు. దంతేశ్వరి అమ్మవారి గుడి అక్కడుంది. అమ్మవారి పేరు పెట్టిన విమానాశ్రయం మాత్రం ఎనభై కిలోమీటర్లకు పైగా ఆవల, జగ్దల్‌పూర్‌లో ఉంది. బైలదిల్లా ఇనుప గనుల చెంత కిరండూల్, బచేలీ పట్టణాల్లో స్థిరపడిన తెలుగువారికి హైదరాబాదు చాలాకాలం దూరదేశమే. కొత్తవలస నుంచి వచ్చిన రైలుమార్గం వారిని విశాఖ వైపు తీసుకుపోతుందే గాని హైదరాబాదుకు అడ్డదారి చూపదు. అందుకే 2020 సెప్టెంబరు 21న ఉడాన్ పథకం కింద అలయన్స్ ఎయిర్ విమానం రాయ్‌పూర్, జగ్దల్‌పూర్, హైదరాబాదులను కలిపినప్పుడు అది వారికి చిన్న వార్త కాలేదు.

దంతెవాడ పేరు దేశ రాజకీయాల్లో వినిపించేది తుపాకుల ప్రస్తావనలోనే. అక్కడినుంచి విమాన పాయింట్ల గోడు వినిపిస్తే ఢిల్లీలో నవ్వుతారు. నవ్వే ముందు లెక్క చూడాలి.

2022 జనవరి 27న ఎయిరిండియా టాటాల చేతికి వెళ్లింది. ఆ బేరంలో అలయన్స్ లేదు. అది ప్రభుత్వం దగ్గరే మిగిలింది. ఏప్రిల్‌లో టికెట్ల వ్యవహారమూ వేరుపడింది. ఉమ్మడి ఆస్తి పంచుకున్న అన్నదమ్ముల్లా సంస్థలు ఎవరి దారిన అవి వెళ్లాయి. జగ్దల్‌పూర్ నుంచి హైదరాబాదు మీదుగా ఢిల్లీ వెళ్లే మనిషి ప్రయాణం రెండు ముక్కలైంది. ఆ తరువాత 2024 ఏప్రిల్‌లో ఎయిరిండియా తన పాయింట్ల పద్ధతిని తిరగరాసింది. అంతకుముందు ప్రధానమైన కొలమానం దూరం, ఇప్పుడు ఖర్చు. అదే ఏడాది నవంబరులో విస్తారా విలీనమై, పథకం మహారాజా క్లబ్‌గా మారింది. పేరు అతికినట్టే ఉంది.

కొత్త పద్ధతి ఏం చేస్తుందో ఒక వరుసలోని రెండు సీట్లు చెబుతాయి. ఒకరు తల్లి చికిత్స కోసం నెల ముందే, చవకలో, సొంత డబ్బుతో టికెట్టు కొన్నారు. పక్కనున్న వారికి వారి కంపెనీ ముందురోజు రాత్రి మూడింతలు పోసి కొన్నది. దూరం ఒకటే, అలసట ఒకటే. పాయింట్లు మాత్రం ఆ రెండో మనిషికే ఎక్కువ, అదీ తన జేబు నుంచి రూపాయి తీయకుండానే.

ఇక్కడే అసలు పేచీ ఉంది. ప్రతిఫలానికి కొలమానం దూరమైనంత కాలం, ఆ దూరం తిరిగిన మనిషికి దానిమీద ఎంతో కొంత హక్కు ఉందనవచ్చు. కొలమానం డబ్బే అయితే హక్కు డబ్బు కట్టినవాడిది కావాలి. ప్రభుత్వం తన మటుకు ఈ న్యాయం పాటించింది: 2017 జులై 13 నాటి ఆర్థిక శాఖ ఉత్తర్వు ప్రకారం అధికారిక ప్రయాణాల్లో వచ్చిన పాయింట్లు అధికారిక ప్రయాణాలకే వాడాలి, సొంతానికి వాడుకున్న ఉద్యోగిపై శాఖాపరమైన చర్య తప్పదు. జర్మనీలో 2002లో ఇదే వ్యవహారం పదవులు ఊడగొట్టింది. అధికారిక ప్రయాణాల మైళ్లను సొంతానికి వాడుకున్నందుకు బెర్లిన్ ఆర్థిక వ్యవహారాల మంత్రి గ్రెగర్ గీజీ రాజీనామా చేశారు. మన దగ్గర అంతటి పట్టింపు ఎవరికైనా ఉందా అన్నది వేరే సంగతి.

మార్చుకునే హక్కు షరతుల్లోనే రాసి ఉందని కంపెనీలు అంటాయి. నిజమే, ఉంది. సంస్థే మూతపడితే పాయింట్లకు దిక్కు ఉండదని 2012లో కింగ్‌ఫిషర్ ప్రయాణికులకు తెలిసివచ్చింది. కానీ నడుస్తున్న సంస్థ మాట మార్చడం వేరు. రేపటి ప్రయాణానికి రేపటి నిబంధన పెట్టుకోవచ్చు. నిన్న కూడబెట్టిన పాయింటు విలువను మాత్రం, దాన్ని సంపాదించిన నాటి నిబంధనతోనే చెల్లించాలి. బ్యాంకు పాత డిపాజిట్‌పై వడ్డీని గడువు మధ్యలో తగ్గిస్తే ఊరుకోని మధ్యతరగతి, దీన్ని మాత్రం ఈమెయిల్‌లో చదివి మూసేస్తోంది.

కిరండూల్‌లో చీకటితో బయలుదేరిన టాక్సీ దంతెవాడ, గీదం దాటి జగ్దల్‌పూర్ చేరేసరికి బాగా తెల్లవారుతుంది. ఆ కిలోమీటర్లకు పాత పద్ధతిలోనూ పాయింట్లు లేవు.