డైరెక్టర్ పేరు మనది, డిజిటల్ సంతకం ఎవరి చేతిల?



మన గ్రూపుల ఎప్పుడూ స్కాలర్‌షిప్, హాస్టల్, నోటిఫికేషన్ల ముచ్చటే ఉంటది. ఈసారి కంపెనీ కాగితాల గురించి రాస్తున్న. "మన తండాల కంపెనీలు ఎవరికున్నయి అన్నా" అంటరేమో. ఉన్నయి. చేవెళ్ల, మొయినాబాద్ దిక్కు నాకు తెలిసినోళ్లలోనే నలుగురు ప్రైవేట్ లిమిటెడ్ డైరెక్టర్లు ఉన్నరు. అందుల ఇద్దరికి తాము డైరెక్టర్లమన్న సంగతే సరిగ్గ తెల్వదు.

ఇదెట్ల అయితదంటే, 2016ల స్టాండప్ ఇండియా వచ్చింది. ఎస్సీ, ఎస్టీలకు, ఆడోళ్లకు 10 లక్షల నుంచి కోటి దాకా బ్యాంకు లోను. వ్యాపారం కంపెనీ పేరు మీద ఉంటే అందుల 51 శాతం వాటా, పెత్తనం ఆ వర్గాలోళ్ల చేతిలనే ఉండాలన్న రూలు ఉండె. అంతకు ముందే మన రాష్ట్రంల టీ-ప్రైడ్ ఉంది, ఎస్సీ ఎస్టీ పరిశ్రమలకు రాయితీలు. మంచి స్కీములే, కాదనను. కానీ మన కుల సర్టిఫికెట్‌కు విలువ వచ్చిన రోజే దాన్ని కిరాయికి తీసుకునేటోళ్లు కూడా వచ్చిన్రు. మొయినాబాద్ చుట్టూ ఫామ్‌హౌసులు, రిసార్టులు, ఈవెంట్ల పనులు పెరిగినంక డ్రైవర్‌గనో, డెకరేషన్ పనికో పోయిన మన పిల్లలను "నువ్వు డైరెక్టర్‌గా ఉండు, నెలకింత ఇస్త" అని అడుగుడు మామూలైంది.

మా మేనబావకు అట్లనే అయింది. 2019ల ఒక ఓనరు దగ్గర డీసీఎం నడిపేటోడు. ఆధార్, పాన్, రెండు ఫొటోలు అడిగిన్రు. ఫోన్‌కు ఓటీపీలు వచ్చినయి, చెప్పిండు. కెమెరా ముందు కూసోబెట్టి పేరు చెప్పమన్నరు, చెప్పిండు. అట్ల ఆయన పేరు మీద డీఎస్సీ తయారైంది. డీఎస్సీ అంటే మనకు టీచర్ పోస్టులే యాదికొస్తయి. ఇది డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్, పెన్‌డ్రైవ్ లెక్క ఉంటది. అది ఎవరి చేతిల ఉంటే సంతకం వాళ్లది. బావ దాన్ని కంటితో చూడలే. రెండేండ్లకు ఆ పని బందైంది, ఓనరు ఫోన్ ఎత్తుడు బంద్ చేసిండు. బావ వేరే బండి ఎక్కిండు.

బావ అనుకున్నదేందంటే, పని బందైతే కంపెనీ బందైనట్టే అని. మనోళ్లందరం అట్లనే అనుకుంటం. చెట్టుకు నీళ్లు పొయ్యకుంటే అదే ఎండిపోతది, కంపెనీ అట్ల ఎండదు. ఒక్క రూపాయి వ్యాపారం లేకున్నా ఏటా సీఏతోని ఆడిట్ చేయించాలె. సెప్టెంబర్ 30 లోపు సభ్యుల వార్షిక సమావేశం పెట్టాలె. అది అయినంక 30 రోజుల్ల లెక్కల ఫారం ఏఓసీ-4, 60 రోజుల్ల యాన్యువల్ రిటర్న్ వెయ్యాలె. చిన్న కంపెనీలకు ఈ రిటర్న్ ఎంజీటీ-7ఏ. ఇవి రాష్ట్రానికి కాదు, కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌ల వెయ్యాలె. చూసుకునేది రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్. ఆఫీసు బండ్లగూడల అంటే మన దిక్కోళ్లు బండ్లగూడ జాగీర్ అనుకుంటరు. అది కాదు, నాగోల్ దిక్కు బండ్లగూడ.

ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు, ఇంతకు మించొద్దన్న హద్దు లేదు. రెండు ఫారాలకు రోజుకు 200, ఏడాదికి 73 వేలు. మూడేండ్ల ఫారాలు పడలేదనుకోండి. మొదటిది మూడేండ్లు, రెండోది రెండేండ్లు, మూడోది ఏడాది లేటు. మొత్తం కలిపితే 4 లక్షల 38 వేలు. ఏ పని చెయ్యని కంపెనీకి! ఇంకోటి, వరుసగా మూడేండ్లు వెయ్యకుంటే కంపెనీల చట్టం 164(2) సెక్షన్ కింద ఆ డైరెక్టర్లు అయిదేండ్లు ఏ కంపెనీల డైరెక్టర్ అయ్యే అర్హత పోగొట్టుకుంటరు. 2017ల దేశమంతట ఇట్ల 3 లక్షలకు పైగా డైరెక్టర్లను అనర్హులను చేసిన్రు.

బావకు ఈ సంగతి రెండు దిక్కుల నుంచి తెలిసింది. ఇద్దరు దోస్తులతో కలిసి కూరగాయలు, పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తోలే సొంత కంపెనీ పెడదామనుకున్నడు. పాన్ నంబర్ కొట్టంగనే డిన్, అంటే డైరెక్టర్ నంబర్, ముందే ఉందని, అనర్హుడని వచ్చింది. అది కాకముందే తండాకు పోస్టుల ఇంగ్లీషు నోటీసు వచ్చింది. మా అత్త దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టింది. నేను చూసేసరికి పది రోజులు అయిపోయినయి.

నోటీసు రాంగనే దండుగ పడ్డట్టు కాదు. జవాబు ఇయ్యనీకి 15 నుంచి 30 రోజుల గడువు ఇస్తరు. నోటీసు ఇచ్చిన 30 రోజుల్ల బాకీ ఫారాలు వేస్తే ఆ తప్పుకు పెనాల్టీ వెయ్యొద్దని 454 సెక్షన్‌లనే ఉంది. చిన్న కంపెనీకి మామూలు పెనాల్టీల సగానికి మించి వెయ్యొద్దని 446బి చెప్తది. ఆర్డర్ వచ్చినా 60 రోజుల్ల రీజనల్ డైరెక్టర్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఇవి తెలిసినోళ్లకు ఉన్న హక్కులు. బియ్యం డబ్బా మీది కాగితానికి తెల్వదు కదా.

ప్రైవేటుగ అడిగితే ఒకాయన జవాబు రాయనీకే బావ రెండు నెలల జీతం అడిగిండు. అప్పుడు నేను చదివిన లా పనికొచ్చింది. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్‌ల ఎస్సీ, ఎస్టీలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. మనకు ఆదాయ పరిమితి లేదు, కుల సర్టిఫికెట్ చాలు. ఇది కోర్టు కేసులకే అని చానామంది అనుకుంటరు. చట్టంల "కోర్టు గానీ వేరే అథారిటీ గానీ" అనే అర్థం వచ్చేటట్టు ఉంది, న్యాయ సలహా కూడా అందులనే ఉంది. చేవెళ్ల కోర్టుకు పోయి దరఖాస్తు ఇచ్చినం. అక్కడ కాకుంటే ఎల్బీనగర్ జిల్లా కోర్టుల జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఫోన్‌ల అడగాలంటే 15100.

"కంపెనీ ఉన్నోళ్లకు ఫ్రీ లాయర్ ఎందుకు?" అని అక్కడ ఒకరు నవ్విన్రు. సెక్షన్ చూపెట్టినం, నవ్వు ఆగింది. ఇచ్చిన ప్యానెల్ లాయర్ మేడం ఓపికగల్ల మనిషి, కంపెనీ చట్టం ఆమెకు రోజువారీ పని కాకున్నా కూసోని చదివింది. లీగల్ ఎయిడోళ్లు మన ఫారాలు నింపి అప్‌లోడ్ చెయ్యరు, ఆడిట్‌కు సీఏ పైసలు కట్టరు. జవాబు రాస్తరు, అప్పీలు వేస్తరు, పోలీస్ ఫిర్యాదు రాయనీకి సాయం చేస్తరు. మాకు అదే కావాలె.

ఆమె ముందుగాల చేయించింది పాత డీఎస్సీ రద్దు. సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు దాని యజమాని అడిగితే రద్దు చెయ్యాలె, ఐటీ చట్టంలనే ఉంది. ఎందుకంటే ఫైలింగులు ఆగినా గడువు ఉన్నంత కాలం ఆ సంతకం బతికే ఉంటది. దాంతోని ఎవరు ఏం చేసినా పేరు బావదే. తర్వాత జవాబు: ఎవరు పెట్టిన్రు, జీతం ఎట్ల వచ్చింది, బ్యాంకు ఖాతా ఎవరు నడిపిన్రు. జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్, ఓటీపీ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు జత చేసినం. మెసేజ్‌లు తీసెయ్యని అలవాటు బావను కొంత కాపాడింది.

మీలో నిజంగ సొంత పని పెట్టుకునేటోళ్లకు ఒక మాట. ఒక బండి, ఒక కొట్టు, ఒక టెంట్‌హౌస్‌కు ప్రైవేట్ లిమిటెడ్ అక్కర లేదని నా అభిప్రాయం. ఒక్కని పేరు మీద ప్రొప్రైటర్‌గా, ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌తోని నడుస్తది. ఉద్యమ్ పూర్తిగ ఉచితం, దానికి పైసలు అడిగితే ఇయ్యకుండ్రి. తెలంగాణల అమ్మకాలు ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మామూలుగ జీఎస్టీ కూడా తప్పనిసరి కాదు. తీసుకుంటే మాత్రం వ్యాపారం సున్నా ఉన్నా రిటర్న్ వెయ్యాలె, నిల్ రిటర్న్‌కైతే 14409కు ఎస్ఎంఎస్ చాలు. కొట్టు ఉన్నోళ్లు ట్రేడ్ లైసెన్స్ కూడా చూసుకోండ్రి. 2025ల చేవెళ్ల, మొయినాబాద్ మున్సిపాలిటీలైనయి, ఆ హద్దుల్లోపటి కొట్లకు ఇప్పుడు పంచాయతీ రశీదు సరిపోదు. మన యూత్ సంఘాలు సొసైటీగా రిజిస్టర్ అయి ఉంటే, జనరల్ బాడీ అయినంక 15 రోజుల్ల కమిటీ జాబితా జిల్లా రిజిస్ట్రార్‌కు ఇయ్యాలె. మన దగ్గర ఎన్ని సంఘాలు ఇస్తున్నయో కామెంట్ల చెప్పుండ్రి.

ఎవరికన్నా ఓటీపీ చెప్పి సంతకాలు పెట్టినోళ్లు ఉంటే, ఎంసీఏ పోర్టల్‌ల లాగిన్ అయి కంపెనీ పేరు కొట్టి చూడండ్రి. డైరెక్టర్లెవరు, ఆఖరు బ్యాలెన్స్ షీట్ ఏ ఏడాదిది, కంపెనీ నడుస్తుందా కొట్టేసిన్రా, అన్నీ కనబడతయి. సిగ్గుపడి దాచిపెట్టకుండ్రి, ఇన్‌బాక్స్‌ల రాయుండ్రి.

బావ జవాబు గడువులోపటనే పోయింది, ఆర్డర్ ఇంకా రాలే. అనర్హత అయిదేండ్లు అట్లనే ఉంది, దాన్ని హైకోర్టుల అడగాలా వద్దా అని మేడం ఆలోచిస్తున్నది. పూల బండి మాత్రం ఆగలే. ప్రొప్రైటర్ పేరు మా అక్కది, ఓటీపీలు వచ్చే ఫోన్ కూడా అక్క దగ్గరనే.