మళ్ళీ చూపించుకోవడం అవిశ్వాసమా?

మన సంఘాలలో సాక్ష్యాల సమయము వచ్చినప్పుడు తరచుగా వినే మాట ఒకటుంది. "డాక్టర్లు స్కానింగ్ తీసి ఫలానా జబ్బు అన్నారు. సంఘమంతా ప్రార్థన చేశారు. నొప్పి పోయింది. మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కలేదు." మనమందరము "స్తోత్రము" అంటాము. స్వస్థత దేవునిదే, అందులో నాకు సందేహము లేదు. కాని ఆ సాక్ష్యములోని చివరి మాట విన్నప్పుడల్లా నా మనస్సు కలత చెందుతుంది. నొప్పి పోవడమూ జబ్బు పోవడమూ ఒకటేనా? మళ్ళీ వెళ్ళి చూపించుకోవడం అవిశ్వాసమా? ఈ ప్రశ్న మా కుటుంబములోనే వచ్చింది గనుక దీనిని గూర్చి వ్రాస్తున్నాను.

మా చెల్లెలిని పలమనేరు దగ్గర ఒక పల్లెలో ఇచ్చాము. 2018లో ఆమె కూతురికి 11 ఏళ్ళు. గొంతు నొప్పి వచ్చి తగ్గిన కొద్ది వారాలకు జ్వరము పట్టుకుంది. మోకాళ్ళు వాచాయి. నొప్పి ఒక కీలు విడిచి మరొక కీలుకు మారుతూ వచ్చింది. అది తగ్గింది గాని, బడికి నడిచి వెళ్తే ఆయాసము మొదలైంది. పెద్ద ఆసుపత్రికి తీసుకొని వెళ్తే కీళ్ళవాత జ్వరము అన్నారు. ఈ జ్వరము కీళ్ళను ముట్టి వదిలిపెడుతుంది గాని, గుండెలోని కవాటాలను పట్టుకుంటే అంత సులభముగా వదలదు. అందుకని ఎకో పరీక్ష వ్రాశారు.

ఆ మాట వినగానే మా చెల్లెలు, "కోస్తారా అక్కా?" అని అడిగింది. కోత లేదు, సూది లేదు, మత్తుమందు లేదు. పాపను ఎడమ ప్రక్కకు తిరిగి పడుకోబెట్టి, ఛాతీ మీద చల్లని జెల్లీ పూసి, చేతిలో పట్టే చిన్న పరికరము ఆనించారు. తెర మీద గుండె తలుపులు తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపించాయి. "పెద్దమ్మా, అది నా గుండేనా?" అని పాప అడిగింది. అవునని చెప్పాను గాని నాకూ నమ్మబుద్ధి కాలేదు.

ఆ పరికరము ఎలా చూస్తుందో తరువాత డాక్టరమ్మను అడిగి తెలుసుకున్నాను. హార్సిలీ కొండల్లో నిలిచి కేక వేస్తే ఆ కేక ఎదురుకొండకు తగిలి తిరిగి వస్తుంది గదా, ఇదీ అంతే. మన చెవి సెకనుకు 20,000 కంపనాల వరకే వినగలదు. ఈ యంత్రము పంపే శబ్దము సెకనుకు లక్షల కంపనాలు గలది. అది మెత్తని శరీరములో సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగముతో వెళ్ళి, కండకు, కవాటానికి తగిలి తిరిగి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో లెక్కకట్టి యంత్రము బొమ్మ గీస్తుంది. జెల్లీ ఎందుకంటే, చర్మానికీ పరికరానికీ నడుమ గాలి ఉంటే శబ్దము లోపలికి పోదు. రక్తము ఎటు పారుతున్నదో కూడ తెలుస్తుంది. పాకాల జంక్షనులో రైలు మన వైపు వచ్చేటప్పుడు కూత సన్నగాను, దాటిపోయాక బొంగురుగాను వినబడుతుంది. ఈ సూత్రాన్ని 1842లో ఆస్ట్రియా దేశస్థుడు డాప్లర్ వివరించాడు. దాని సహాయముతోనే మా పాప గుండెలో రక్తము కొద్దిగా వెనుకకు కారుతున్నదని కనిపెట్టారు.

గుండెను మొదటిసారి ఇలా చూసినవారు స్వీడన్ దేశములోని లుండ్ పట్టణములో ఎడ్లర్ అనే వైద్యుడు, హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు. 1953లో వారు వాడినది ఓడలు కట్టేచోట ఇనుములో లోపాలు వెదికే యంత్రము. బ్రిటన్‌లోని గ్లాస్గో నగరములో ఇయాన్ డొనాల్డ్ అనే వైద్యుడు కూడ లోహములో పగుళ్ళు చూసే యంత్రముతోనే మొదలుపెట్టాడు. కడుపులో నయముకాని క్యాన్సరు ఉన్నదని అందరూ ఆశ వదులుకున్న ఒక స్త్రీని ఆయన ఈ శబ్దముతో పరీక్షించి, అది అండాశయములోని నీటి గడ్డ అని గుర్తించాడు. దానిని తీసివేస్తే ఆమె కోలుకున్నది. 1958లో ఆయన, ఆయనతో పనిచేసినవారు తమ పనిని వైద్య పత్రికలో ప్రకటించారు. ఇనుమును విరగగొట్టకుండ లోపము చూసిన పరికరము మనిషిని కోయకుండ లోపల చూపించింది.

ఇక మా పాప సంగతి. ప్రతి మూడు వారాలకు ఒక పెన్సిలిన్ సూది వేయించాలన్నారు. ఆ జ్వరము మళ్ళీ వస్తే కవాటము ఇంకా దెబ్బ తింటుంది. అది రాకుండ ఆపడానికే ఈ సూది. ఏళ్ళ తరబడి వేయించాలి, ఏడాదికొకసారి ఎకో తీయించాలి అని చెప్పారు. ఆరు నెలలు అలాగే జరిగింది. పాప ఒళ్ళు చేసింది, ఆటలాడింది. ఇరుగుపొరుగు విశ్వాసులు కొందరు ప్రేమతోనే, "బిడ్డ బాగైంది గదమ్మా. ప్రభువు ముట్టినాక ఇంకా సూది వేయిస్తే ఆయనను నమ్మనట్టే గదా" అన్నారు. చెల్లెలికి ఆ మాట గుండెలో నాటుకుంది. ఒక సూది మానింది, తరువాత రెండవది, మూడవది. 2019 వానకాలములో మళ్ళీ జ్వరము వచ్చింది. మళ్ళీ ఎకో తీశారు. మొదట కొద్దిగా ఉన్న కారుడు ఇప్పుడు మధ్యస్థముగా ఉన్నదని వ్రాశారు. బయటికి పాప నవ్వుతూనే ఉంది. లోపల మాత్రము కవాటము పాడవుతూ ఉంది.

ఆ రాత్రి చెల్లెలు, "నేను దేవుణ్ణి నమ్మినందుకేనా అక్కా ఇట్లయింది?" అని ఏడ్చింది. ఆమెను నిందించడానికి నాకు నోరు రాలేదు. ఇద్దరమూ బైబిలు తెరిచి కూర్చున్నాము.

లేవీయకాండము 13వ అధ్యాయము మనము సాధారణముగా త్వరత్వరగా చదివి దాటిపోయే అధ్యాయము. అక్కడ ఒంటి మీద మచ్చ ఉన్నవానిని యాజకుడు చూస్తాడు. చూసి వెంటనే తీర్పు చెప్పడు. ఏడు దినాలు వేరుగా ఉంచి మళ్ళీ చూస్తాడు. మచ్చ వ్యాపించిందా, లేదా అని చూసి, ఇంకా ఏడు దినాలు ఉంచి మరొకసారి చూస్తాడు. కోయకుండ, కళ్ళతో చూసి, మొదటి చూపుతో రెండవ చూపును పోల్చి తెలుసుకోవడం దేవుని ధర్మశాస్త్రములోనే ఉంది. పదిమంది కుష్ఠరోగులను ప్రభువు యాజకులకు చూపించుకొమ్మని పంపాడని లూకా సువార్త 17వ అధ్యాయము చెప్తుంది. వారు ఆ దారిలోనే బాగుపడ్డారు. మార్కు సువార్త 8వ అధ్యాయములో బేత్సయిదా గ్రుడ్డివానిని మన ప్రభువు ముట్టి, ఏమైనా కనబడుతున్నదా అని అడిగాడు. అతనికి మనుషులు చెట్లవలె కనిపించారు. ప్రభువు మళ్ళీ ముట్టాడు. సర్వము ఎరిగిన ఆయనే అడిగి చూస్తే, మనము మళ్ళీ చూపించుకోవడం అవిశ్వాసము ఎలా అవుతుంది?

మరొక సంగతి ఆలోచించండి. 2020, 2021లో కరోనా దినాలలో మన పల్లెల్లో ఎంతమంది వ్రేలికి చిన్న క్లిప్పు పెట్టుకొని అంకె చూసుకున్నారు! అది వెలుతురుతో చూసే యంత్రము. ఎర్రని వెలుగును, కంటికి కనబడని మరొక వెలుగును వ్రేలి గుండా పంపి, రక్తములో ప్రాణవాయువు ఎంత ఉందో చెప్తుంది. దాని సూత్రాన్ని 1974లో జపాన్ దేశస్థుడు అవోయాగి కనిపెట్టాడు. ఉదయము 97 ఉన్నది, సాయంత్రము 92 అయితే ఆసుపత్రికి పరుగెత్తాము. ఒక ప్రక్క ప్రార్థన చేస్తూనే మరొక ప్రక్క అంకె చూసుకున్నాము. అప్పుడు ఎవరూ దానిని అవిశ్వాసము అనలేదు.

షుగరు ఉన్నవారి కళ్ళ సంగతీ ఇంతే. షుగరు కంటి వెనుక తెరలోని సన్నని రక్తనాళాలను పాడుచేస్తుంది. చాలాకాలము చూపు బాగానే ఉంటుంది. తేడా తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఆ తెరను వెలుతురుతో చూసే పరికరమును హెల్మ్‌హోల్ట్జ్ 1851లోనే తయారుచేశాడు. ఇప్పుడు ఫోటో తీస్తారు. ఓ.సి.టి. అనే పరీక్షలో వెలుగునే ఎకోలాగా పంపి తెరలోని పొరలను ఒక్కొక్కటిగా చూపిస్తారు. 1991లో దానిని మొదట ప్రకటించారు. కంటిలో వాపు ఉండి ఇంజెక్షను వేస్తే, వాపు తగ్గిందో లేదో ఆ బొమ్మలోనే తెలుస్తుంది. అందుకే షుగరు ఉన్నవారు చూపు బాగున్నా ఏడాదికొకసారి కంటి తెరను చూపించుకోవాలంటారు.

ఈ సేవ మన పెద్దలకు తెలియనిది కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో వివిధ మిషనుల వారు కలిసి నెలకొల్పిన క్షయ శానిటోరియము 1915లో తెరువబడింది. రోగి ఎన్నో నెలలు అక్కడ ఉండి, తిరిగి తిరిగి పరీక్షలు చేయించుకొనే రోజులవి. వేలూరులో ఐడా స్కడ్డర్ అమ్మగారు 1900లో ఒక్క మంచముతో మొదలుపెట్టిన సేవ నేడు సి.ఎం.సి. ఆసుపత్రిగా ఎదిగింది. తిరుపతిలో 1993 నుండి స్విమ్స్ ఉంది. 2021లో పిల్లల గుండె జబ్బులకు శ్రీ పద్మావతి హృదయాలయము తెరిచారు. మన తాతలు ఎడ్లబండి మీద పోయిన దారిలో మనకు బస్సులున్నాయి.

ఈ పరీక్షలకు హద్దులు లేకపోలేదు. స్కానింగ్ శబ్దము ఎముకను, గాలిని దాటి సరిగా పోలేదు. అందుకే ఊపిరితిత్తుల క్షయకు ముందుగా ఎక్స్‌రేనే తీస్తారు. చూసేవారి అనుభవమును బట్టి కూడ ఫలితము ఉంటుంది. చూడడమే వైద్యము కాదు. మందు పని చేస్తున్నదా, ఆపవచ్చునా, మార్చాలా అని చెప్పడానికి రెండవ చూపు కావాలి. ఎకోలోనూ కంటి ఫోటోలోనూ కోత లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు గనుక ఎన్నిసార్లైనా భయము లేకుండ చూపించుకోవచ్చు.

మా పాపకు ఆ తరువాత ఒక్క సూదీ తప్పలేదు. 2022లో తీసిన ఎకోలో కారుడు అంతే ఉన్నదని వ్రాశారు. తగ్గలేదు, పెరగలేదు. ఆ ఆదివారము చెల్లెలు సంఘములో లేచి, "నా బిడ్డకు జబ్బు ఇంకా ఉంది. కాని పెరగలేదు. దేవునికి స్తోత్రము" అన్నది. పూర్తిగా బాగైందని చెప్పలేని సాక్ష్యము ఎంత నిజాయితీ గలదో నాకు ఆరోజు తెలిసింది. పాప ఇప్పుడు కాలేజీలో చదువుతున్నది. సూది వేయించుకొనే తేదీని తానే గుర్తుపెట్టుకుంటుంది.

ప్రియ సహోదరీ సహోదరులారా, పాత రిపోర్టులను పారవేయకండి; తేదీల వరుసన ఒక సంచిలో పెట్టి ప్రతిసారి తీసుకొని వెళ్ళండి, ఎందుకంటే పోల్చి చూడనిదే తేడా తెలియదు. బాగున్నట్టు అనిపించినా డాక్టరు చెప్పకుండ సూదినిగాని మందునుగాని మానకండి. సంఘ పెద్దలు రోగుల పేర్లు ప్రార్థన పుస్తకములో వ్రాసుకొనేటప్పుడు వారు మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళవలసిన తేదీని కూడ ప్రక్కన వ్రాసుకోవాలి. ఆ తేదీ వచ్చినప్పుడు ప్రార్థన చేయడమే గాక, బస్సు చార్జీకి సహాయము చేసి, తోడుగా ఒకరు వెళ్ళడం మన సంఘాలు చేయగల సేవ.