ప్రాంతీయ బాలే: ఒక సీజన్ కూర్పు

అమెరికాలో న్యూయార్క్ వంటి మహానగరానికి వెలుపల ఒక నగరాన్నో రాష్ట్రాన్నో తన ఇల్లుగా చేసుకుని పనిచేసే బాలే సంస్థను ప్రాంతీయ బాలే అంటారు. ఇటువంటి సంస్థలు సాధారణంగా శీతాకాలం చివర్లోనో వసంతంలోనో, రాబోయే శరత్కాలం నుంచి మరుసటి మే వరకు తాము ఇవ్వబోయే ప్రదర్శనల పట్టికను ప్రకటిస్తాయి. ఆ ప్రదర్శనలన్నిటినీ కలిపి సీజన్ అని వ్యవహరిస్తారు. ఐదారు పేర్లు, తేదీలు, టికెట్ల ధరలు మాత్రమే ఉన్న ఆ కాగితం పైపైన చూసేవారికి వ్యాపార ప్రకటనగా కనిపించవచ్చు గాని, శ్రద్ధగా చదివితే ఆ సంస్థ తన ఊరి ప్రేక్షకుల రుచిని ఎంతవరకు నమ్ముతున్నదో, తన నర్తకులను ఏ సాధనకు సిద్ధం చేస్తున్నదో, ఏ అప్పు తీర్చడానికి ఏ ప్రదర్శనను పెట్టుకున్నదో అందులోనే తెలిసిపోతుంది. పట్టికలో పెద్ద అక్షరాలతో మెరిసే డిసెంబరు ప్రదర్శన సంస్థను బతికిస్తుందన్నది నిజమే అయినా, చాలామంది చూపు ఆగకుండా దాటిపోయే మార్చి నెల ప్రదర్శనే ఆ సంస్థ ఎందుకు బతకాలో చెబుతుంది.

ప్రాంతీయ బాలే ఒక ఉద్యమంగా రూపుదిద్దుకున్నది జార్జియా రాష్ట్ర రాజధాని అట్లాంటాలో. అక్కడ 1929లో డొరొతీ అలెగ్జాండర్ అనే నాట్యగురువు తన శిష్యురాళ్ళతో నెలకొల్పిన చిన్న బృందం, పేర్లు మారుతూ చివరికి అట్లాంటా బాలేగా స్థిరపడి, దేశంలో ఎడతెగకుండా ప్రదర్శనలిస్తున్న బాలే సంస్థలలో అతి పాతదిగా పేరు పొందింది. ఆ రోజులలో దక్షిణాది పట్టణంలో బాలే నేర్చుకున్న అమ్మాయి దానినే జీవనంగా ఎంచుకోవాలంటే న్యూయార్కుకు తరలిపోవడం తప్ప వేరే దారి దాదాపుగా లేదు. ఆ దారిని ఊళ్ళోనే వేయాలన్న పట్టుదలతో ఆమె, నృత్య విమర్శకుడు అనతోల్ చుజోయ్ ప్రోత్సాహం తోడుగా, 1956లో ఆగ్నేయ రాష్ట్రాల బృందాలను అట్లాంటాకు పిలిచి తొలి ప్రాంతీయ బాలే ఉత్సవం జరిపారు. ఈ ఉత్సవాల పద్ధతి ప్రకారం బయటి నుంచి వచ్చిన న్యాయనిర్ణేత ముందుగా ఒక్కొక్క బృందం దగ్గరికి వెళ్ళి వారి రచనలను చూసి ఉత్సవానికి తగినవాటిని ఎంపిక చేస్తారు. దీనివల్ల తన ఊరి చప్పట్లతోనే తృప్తిపడే అలవాటున్న బృందానికి కూడా మరొకరి కంటితో తన పనిని చూసుకునే అవసరం ఏర్పడింది. ఆ తరువాతి కాలంలో దేశమంతటా బాలే స్థాయి పెరగడానికి డబ్బుతో పాటు ఈ కట్టుబాటు కూడా కారణమని చెప్పడం అతిశయోక్తి కాదు.

డబ్బు 1963లో వచ్చింది. ఆ సంవత్సరం ఫోర్డ్ ఫౌండేషన్ బాలే కోసం 77 లక్షల డాలర్లకు పైగా సొమ్మును ప్రకటించింది. అందులో అధిక భాగం నృత్యరచయిత జార్జ్ బాలంచీన్‌కు చెందిన న్యూయార్క్ సంస్థలకే పోయిందనీ, ఆధునిక నృత్యానికి ఏమీ దక్కలేదనీ అప్పట్లో తీవ్రమైన విమర్శ వచ్చింది, ఆ విమర్శలో న్యాయమూ ఉన్నది. అయినప్పటికీ శాన్‌ఫ్రాన్సిస్కో, బోస్టన్, ఫిలడెల్ఫియా, హ్యూస్టన్, యూటా సంస్థలు ఆ సొమ్ముతోనే నర్తకులకు క్రమంగా జీతాలు ఇవ్వగలిగిన స్థితికి చేరుకున్నాయి. అదే 1963లో మద్రాసులో వెంపటి చినసత్యం కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించడం ఇక్కడ గుర్తుకు రాదగిన విషయం. ఈ రెంటికీ పరస్పర సంబంధం ఏమీ లేకపోయినా, ఒక ప్రాంతపు నృత్యం ఏడాది పొడవునా శిక్షణ, బృందం, కొత్త నృత్యనాటకాల రచన అనే మూడింటినీ ఒకే కప్పు కింద నిలుపుకోవడం ఎలా అన్న ప్రశ్న రెండుచోట్లా ఒక్కటే.

సీజన్ కూర్పులో ఒక ఆనవాయితీ కనిపిస్తుంది. అక్టోబరులో హాలోవీన్ పండుగకు దగ్గరగా ఒక కథాప్రధానమైన ప్రదర్శన, డిసెంబరంతా నట్‌క్రాకర్, ఫిబ్రవరిలో ప్రేమికుల రోజును ఆసరా చేసుకుని రోమియో జూలియట్ లేదా సిండ్రెల్లా, మార్చిలో మూడు నాలుగు చిన్న రచనల గుచ్ఛం, మే నెలలో జిజెల్, స్వాన్ లేక్ వంటి సంప్రదాయ రచన ఒకటి అన్నది స్థూలంగా ఆ వరస. దీనిలో మొదటిదీ మూడవదీ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. తెలిసిన కథ, తెలిసిన పేరు ఉంటే కొత్త ప్రేక్షకులు ధైర్యంగా టికెట్ కొంటారన్నదే వాటి వెనుక ఉన్న లెక్క. నట్‌క్రాకర్ సంగతి వేరు.

నట్‌క్రాకర్ అంటే గట్టి పెంకు కాయలను దవడల మధ్య పెట్టి పగలగొట్టే చెక్కబొమ్మ. క్రిస్మస్ రాత్రి ఆ బొమ్మను కానుకగా పొందిన ఒక బాలిక కథను జర్మన్ రచయిత హాఫ్‌మన్ 1816లో రాయగా, అలెగ్జాండర్ డ్యూమా దానిని ఫ్రెంచిలో తిరగరాశాడు. దాని ఆధారంగా పెటిపా కథా ప్రణాళిక వేసి, ఇవానోవ్ నృత్యాలు కూర్చి, చైకోవ్‌స్కీ సంగీతం అందించిన బాలే 1892 డిసెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, అయొలాంటా అనే ఒపెరాతో కలిపి ఒకే రాత్రి ప్రదర్శితమైంది. అప్పటి విమర్శకులు దానిని పెద్దగా మెచ్చలేదు. మొదటి అంకమంతా పిల్లలతో నిండి ఉండటం, ప్రధాన నర్తకి చాలా ఆలస్యంగా రంగం మీదికి రావడం వారికి లోపాలుగా తోచాయి. అమెరికాలో ఈ బాలేను పూర్తి నిడివితో తొలిసారి ప్రదర్శించింది న్యూయార్క్ కాదు, శాన్‌ఫ్రాన్సిస్కో. 1944 డిసెంబరు 24న, యుద్ధకాలపు కొరతల నడుమ, యూటా నుంచి వచ్చిన విల్లం క్రిస్టెన్సెన్ దానిని కూర్చాడు. తాను ఎన్నడూ పూర్తిగా చూడని ఆ రచన గురించి, రష్యాలో దానిని ఎరిగిన బాలంచీన్, నర్తకి దనిలోవాల జ్ఞాపకాలను అడిగి తెలుసుకున్నాడు. బాలంచీన్ సొంత నట్‌క్రాకర్ న్యూయార్కులో పదేళ్ళ తరువాత, 1954లో వచ్చింది. ఆ పైన టెలివిజన్ ప్రసారాలు, పట్టణ పట్టణానా ఉన్న బాలే బడులు కలిసి దానిని దేశపు పండుగ ఆచారంగా మార్చాయి.

పీటర్స్‌బర్గ్ విమర్శకులు లోపమనుకున్నదే ప్రాంతీయ సంస్థకు ప్రాణాధారమైంది. విందుకు వచ్చిన పిల్లలు, ఎలుకలు, బొమ్మ సిపాయిలు, దేవదూతలు అంటూ పాత్రలన్నిటికీ సంస్థ అనుబంధ పాఠశాల విద్యార్థులనే తీసుకుంటారు. ప్రదర్శనలు చాలా ఉంటాయి కనుక ఒక్కొక్క పాత్రకు ఇద్దరు ముగ్గురు పిల్లలు వంతులవారీగా ఆడతారు, వారి వెంట తల్లిదండ్రులు, తాతలు, పొరుగువారు టికెట్లు కొంటారు. ఒక సంస్థ ఏడాది మొత్తం మీద టికెట్ల ద్వారా సంపాదించే దానిలో సగానికి దగ్గరగా ఈ ఒక్క ప్రదర్శన నుంచే రావడం అరుదేమీ కాదు. 2020 డిసెంబరులో మహమ్మారి వల్ల రంగస్థలాలు మూతపడినప్పుడు ఈ సంస్థల పునాది ఎంత సన్నని స్తంభం మీద ఉన్నదో అందరికీ అర్థమైంది. అయితే దీనిని కేవలం ఆదాయ వనరుగా చూడటం అన్యాయం. ఎనిమిదేళ్ళ వయసులో ఎలుకపిల్లగా పాకిన బాలిక తరువాతి సంవత్సరాలలో సిపాయిగా, ఆ పైన మంచు రేణువుల బృందంలో ఒకతెగా ఎదుగుతూ, ఒకే సంగీతాన్ని ఏటేటా మరొక ఎత్తు నుంచి వింటుంది. ఇంత సుదీర్ఘమైన శిక్షణను, ఇంత సహజంగా, పిల్లలకు అందించే మరొక రచన పాశ్చాత్య నాట్యంలో లేదు. 2016లో కళాదర్శకుడిగా వచ్చిన గెన్నడి నెద్విగిన్ హయాంలో అట్లాంటా బాలే 2018లో యూరి పొసోఖోవ్ కూర్చిన కొత్త నట్‌క్రాకర్‌ను, వీడియో ప్రతిబింబాలతో సహా, భారీగా రూపొందించినప్పుడు ఆ ఖర్చుకు కారణం వెతకవలసిన పని లేదు. ఏటా తిరిగి వచ్చే ప్రదర్శన మీద పెట్టిన సొమ్ము ఏటా తిరిగి వస్తుంది.

ఈ సొమ్ము చేరవలసిన చోటు మార్చి. మిశ్రమ ప్రదర్శన అని పిలవదగిన ఆ కార్యక్రమంలో కథ ఉండదు, పేరున్న రాకుమారి ఉండదు, చాలాసార్లు హాలు నిండదు. సాధారణంగా బాలంచీన్ రచన ఒకటి, జీవించి ఉన్న ప్రసిద్ధ నృత్యరచయితది ఒకటి, ఆ సంస్థ కోసమే కొత్తగా రాయించుకున్నది ఒకటి అందులో ఉంటాయి. వీటిలో మొదటి స్థానానికి ఎక్కువగా ఎన్నికయ్యే సెరెనేడ్ చరిత్ర ప్రాంతీయ సంస్థల స్వభావానికి ఎంతో దగ్గరగా ఉండటం వల్ల కొంచెం వివరంగా చెప్పుకోదగినది. 1933లో అమెరికాకు వచ్చిన బాలంచీన్, మరుసటి ఏడాది ఆరంభంలో తెరిచిన తన పాఠశాలలోని విద్యార్థుల కోసమే, చైకోవ్‌స్కీ తంత్రీవాద్య రచనకు ఆ నృత్యాన్ని కూర్చాడు. మొదటి రోజు పదిహేడుగురు అమ్మాయిలు వచ్చారు గనుక పదిహేడుగురితో ఆరంభం కట్టాడు. తరువాతి రోజులలో వచ్చినవారి సంఖ్య మారుతూ పోతే దానికి తగ్గట్టే తరువాతి భాగాలను అల్లాడు. ఒక అమ్మాయి ఆలస్యంగా వస్తే ఆ రాకనూ, మరొకతె జారిపడితే ఆ పాటునూ నృత్యంలోనే నిలిపాడు. తెర లేవగానే పదిహేడుగురు నర్తకులు పాదాలు సమాంతరంగా ఉంచి, కుడిచేతిని వెలుగు వైపు చాచి నిలబడి ఉంటారు. కొంతసేపటికి అందరి పాదాలు ఒక్కసారిగా మడమలు కలిసి, వేళ్ళు రెండు పక్కలకు విచ్చుకునే స్థితికి తెరుచుకుంటాయి. బాలే తరగతిలో పిల్లలు మొదటి రోజున నేర్చుకునే నిలకడ అదే. మామూలు మనిషి నిలబడే తీరు నుంచి నర్తకి నిలబడే తీరుకు జరిగే ఆ ప్రయాణాన్ని అంత స్పష్టంగా చూపిన రచన మరొకటి లేదు. విద్యార్థుల కోసం, ఉన్న బలగంతో, జరిగిన లోపాలను కలుపుకుని పుట్టిన ఈ రచనను ఒక ఊరి సంస్థ ఆడినప్పుడు దానికి పరాయితనం ఉండదు.

అటువంటి రచనను ఆడాలని అనుకోవడం వేరు, ఆడే హక్కు పొందడం వేరు. బాలంచీన్ 1983లో మరణించిన తరువాత 1987లో ఏర్పడిన ట్రస్టు అనుమతి ఇచ్చి, రుసుము తీసుకుని, ఆ రచనను స్వయంగా ఆడిన అనుభవం ఉన్న ఒక ప్రతినిధిని పంపుతుంది. ఇటువంటి ప్రతినిధిని రిపెటిటర్ అంటారు. వీడియో ముద్రణలు, గుర్తుల లిపులు ఉన్నప్పటికీ, ఏ మలుపులో ఊపిరి ఆపాలో, ఏ లెక్క దగ్గర సంగీతాన్ని వెనక వదిలి ముందుకు పోవాలో చెప్పగలిగింది ఆ ఒక్క మనిషి శరీరమే. ఆ ప్రతినిధి కొద్ది వారాలు ఊళ్ళో ఉండి, ఇరవై ఏళ్ళ అమ్మాయికి తాను తన గురువు నుంచి పొందినదాన్ని అప్పగించి వెళ్ళిపోతుంది. కూచిపూడి భాగవతుల ఇళ్ళలో తరాలుగా జరిగినది కూడా ఇదే కాబట్టి తెలుగు పాఠకులకు ఈ విషయంలో వేరే ఉపమానం అక్కరలేదు. ప్రాంతీయ సంస్థ నర్తకి ఏడాదిలో డిసెంబరంతా ఒకే వాల్ట్జ్‌ను పదేపదే ఆడి పొందేది ఓర్పు, మార్చికి ముందు ఆ కొద్ది వారాలలో పొందేది విద్య. ఆమె జీతం చాలాచోట్ల ఏడాదికి 30 నుంచి 40 వారాలకే ఉంటుంది, గుడ్డ పొరలను జిగురుతో గట్టిపరచి చేసిన పాయింట్ షూ ఒక జత కఠినమైన ప్రదర్శన ఒక్కదానికే మెత్తబడిపోతుంది, వృత్తిజీవితం ముప్పయ్యో ఏటికో ఆ తరువాత కొద్దికాలానికో ముగుస్తుంది. ఇంత తక్కువ వ్యవధి ఉన్నవారికి సంస్థ ఇవ్వగలిగిన నిజమైన ప్రతిఫలం మంచి రచనలే.

మే నెలలో వచ్చే సంప్రదాయ రచనల విషయంలో తెలుగు పాఠకులకు మరొక రకమైన ఆసక్తి ఉండటానికి కారణం లా బయదేర్. 1877లో పెటిపా కూర్చిన ఈ బాలే కల్పిత భారతదేశంలో ఒక ఆలయ నర్తకి కథ. అందులో కొండవాలు మీదుగా తెల్లని దుస్తుల నర్తకులు ఒకరి వెనుక ఒకరు ఒకే భంగిమను మళ్ళీ మళ్ళీ చేస్తూ దిగివచ్చే ఛాయల దృశ్యం బాలే చరిత్రలోనే మహోన్నతమైనది. దాని చుట్టూ అల్లిన ఫకీర్లు, బ్రాహ్మణులు, విగ్రహాల వర్ణన మాత్రం దేవదాసీల నాట్యాన్ని ఎరిగినవారికి మింగుడుపడనిది. 2024లో ఇండియానా విశ్వవిద్యాలయంలో నృత్యరచయిత ఫిల్ చాన్, నాట్యచరిత్రకారుడు డగ్ ఫుల్లింగ్టన్ దాని నాట్యాన్ని నిలిపి, కథను హాలీవుడ్‌కు మార్చి ప్రదర్శించారు. నట్‌క్రాకర్‌లోని చైనా నృత్యంలో వేళ్ళు పైకెత్తి తలలూపే హేళన చేష్టలను తొలగించాలని చాన్ 2017 నుంచి సాగించిన ప్రచారాన్ని కూడా ఎన్నో సంస్థలు మన్నించాయి. నాట్యాన్ని కాపాడుకుంటూ అవమానాన్ని వదిలేయవచ్చునని ఈ ప్రయత్నాలు చూపాయి. అట్లాంటా ఉత్తర శివార్లలో పెద్ద సంఖ్యలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ప్రేక్షకులుగా ఉన్నచోట ఈ మార్పు అక్షరాలా ఇరుగుపొరుగు మర్యాదకు సంబంధించినది.

చివరగా, మార్చికి ప్రేక్షకులను తెచ్చే యంత్రాంగం గురించి చెప్పాలి. సబ్‌స్క్రిప్షన్ అంటే సీజన్ ప్రదర్శనలన్నిటికీ ఒకే కుర్చీని ముందుగా, కొంత తగ్గింపు ధరకు కొనుక్కోవడం. విడిగా టికెట్ కొనే వ్యక్తి తనకు తెలిసిన పేరునే ఎంచుకుంటాడు, చందాదారు మాత్రం స్వాన్ లేక్ కోసం డబ్బు కట్టి, దానితో పాటు చేతికొచ్చిన మార్చి టికెట్‌ను వృథా చేయడం ఇష్టంలేక హాలుకు వస్తాడు. ఇటీవలి కాలంలో ప్రేక్షకులు చివరి వారంలో విడి టికెట్లు కొనే అలవాటుకు మళ్ళడం వల్ల ఈ పద్ధతి బలహీనపడుతున్నది, దాని దెబ్బ మొదట తగిలేది కొత్త రచనకే. అందుచేత అట్లాంటాలో కాబ్ ఎనర్జీ ప్రదర్శన కళల కేంద్రపు 2,750 కుర్చీలలో నట్‌క్రాకర్ కోసం ఏటా కూర్చునే కుటుంబాలు, తమ పిల్లలు వేదిక మీద లేని ఒక్క సాయంత్రానికైనా సీజన్ పట్టికలో చోటిచ్చి, ఎన్నడూ పేరు వినని రచన ఒకటి చూడటానికి వస్తే, అక్కడి నర్తకులు కొద్ది వారాలు శ్రమించి నేర్చుకున్నదానికి మొదటి ప్రేక్షకులు వారే అవుతారు.